వంటింటి ప్రశ్నలు: ఓవెన్‌లో పెట్టిన గోబీ ఎందుకు నీరు కారుతోంది?

ఈ నెల విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నలు చాలావరకు ఒకదాని చుట్టూనే తిరిగాయి. కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) తక్కువ ఉండాలి, మూకుడు నిండా నూనె పోసి వేయించకూడదు, అయినా ఇంటికొచ్చినవాళ్ల ముందు పెడితే ప్లేటు ఖాళీ అవ్వాలి, అలాంటి కూరగాయల స్టార్టర్ ఇంట్లో ఎలా చెయ్యాలి అని. కొన్ని ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి కలిపేశాను.

ప్రశ్న: మాకు ఓటీజీ ఉంది. కాలీఫ్లవర్ ముక్కలకి నూనె, ఉప్పు, కారం పట్టించి 180 డిగ్రీల్లో అరగంట పెట్టాను. బయటికి తీస్తే ముక్కలు మెత్తగా ఉడికిపోయాయి, ట్రే అడుగున నీళ్లు, కారం మాత్రం మాడిపోయింది. ఓవెన్ పాడయిందా? (గృహిణి, ఎం.వి.పి. కాలనీ)

ఓవెన్‌కి ఏమీ కాలేదండీ. మీ ముక్కలు కాలలేదు, వాటి ఆవిరిలో అవే ఉడికాయి. కాలీఫ్లవర్ బరువులో 90 శాతం పైన నీరే. ఆ నీరు పోయేదాకా ముక్క పైభాగం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రబడి కమ్మటి వాసన మొదలయ్యేది దాదాపు 140 దాటాక. అంటే ముందు తడి పోవాలి, రంగూ రుచీ ఆ తర్వాత సంగతి. మీరు కడిగిన ముక్కల్ని తడి మీదే కలిపి ఉంటారు, ట్రేలో ఒకదాని మీద ఒకటి పోసి ఉంటారు, దానికి తోడు 180 డిగ్రీలు కేకుకి సరిపోయే వేడి, కూరగాయలకి చాలదు.

పురుగుల భయానికి గోరువెచ్చని ఉప్పునీళ్లలో చిటికెడు పసుపు వేసి పది నిమిషాలు ఉంచడం మానొద్దు. కాకపోతే తీశాక జల్లెడలో వదిలేస్తే చాలదు, మన ఊళ్లో గాలిలోనే బోలెడు చెమ్మ, ముక్కలు ఎంతసేపటికీ ఆరవు. పాత నూలు బట్ట పరిచి, ఫ్యాన్ కింద అరగంట ఉంచి, పైనుంచి కూడా ఒకసారి ఒత్తండి. అంత టైము లేదంటే ఓవెన్ వేడెక్కుతున్నప్పుడే ముక్కల్ని నూనె లేకుండా ట్రేలో పరిచి లోపల పెట్టి, అయిదారు నిమిషాలకి తీసేయండి, పైతడి పోతుంది. నూనె అప్పుడు పట్టించండి.

కోసే పద్ధతి మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. గుండ్రంగా తుంచిన పువ్వు ట్రేని ఒక్క చోటే తాకుతుంది. అదే రెమ్మని నిలువుగా రెండుగా చీరితే చదునైన వైపు మొత్తం ట్రేకి ఆనుతుంది, ఎర్రగా కాలేది ఆ వైపే. కాడని పారెయ్యకండి, పైతొక్క చెక్కి పలచగా తరిగితే పువ్వు కంటే అదే బాగుంటుందని నా అభిప్రాయం.

అరకిలో ముక్కలకి రెండు పెద్ద చెంచాల నూనె, ముప్పావు చిన్న చెంచా ఉప్పు. ఆరోగ్యం పేరు చెప్పి అర చెంచా నూనెతో సరిపెట్టేవాళ్లున్నారు, అలా చేస్తే ముక్క ఎండి చెప్పుతోలులా సాగుతుంది. నూనెలో కార్బ్స్ ఉండవు. కేలరీలు ఉంటాయి, రెండు పెద్ద చెంచాలకి సుమారు 240, నలుగురు తింటే తలా 60, భయపడాల్సినంత ఏం కాదు.

ఓవెన్‌ని 220కి పెట్టి, పైనా కిందా రెండు రాడ్లూ వేసి, పది పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. ఖాళీ ట్రే కూడా లోపలే వేడెక్కితే మరీ మంచిది, ముక్క పెట్టగానే చుయ్‌మని చప్పుడు రావాలి. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. చిన్న ఓటీజీలో అరకిలో ఒకేసారి పట్టదు, రెండు విడతలుగా చెయ్యండి, ఇక్కడ కక్కుర్తి పడితే మళ్లీ కూరే తింటారు. 15 నిమిషాలకి పటకారుతో తిరగేసి ఇంకో 8 నుంచి 10 నిమిషాలు ఉంచండి. తలుపు పక్కన ఉన్న ముక్కలు లేటుగా కాలతాయి, తిరగేసేటప్పుడే ట్రేని కూడా అటుదిటు తిప్పెయ్యండి.

ఇక కారం సంగతి. కారం, మిరియాల పొడి, వెల్లుల్లి అంత వేడికి అంతసేపు ఆగవు. ఉప్పు, పసుపు, నూనె ముందు పట్టించండి. కారం, దంచిన వెల్లుల్లి ఒక చెంచా నూనెలో కలిపి చివరి నాలుగైదు నిమిషాల ముందు వెయ్యండి, కరివేపాకు ఆఖరి రెండు నిమిషాల్లో, నిమ్మరసం బయటికి తీశాకే. అల్యూమినియం ఫాయిల్ పరిచేవాళ్లు నిమ్మ, చింతపండు తగిలిన ముక్కల్ని దాని మీద పెట్టకండి, పులుపు ఫాయిల్‌ని తినేస్తుంది.

ప్రశ్న: మా అత్తయ్యకి షుగర్. రాత్రి అన్నం మానేసి ఇలాంటివి తింటానంటున్నారు. ఏ కూరగాయలు వాడొచ్చు, ఏవి కూడదు? (సీతమ్మధార)

ముందు రెండో సగానికి జవాబు చెబుతాను, అది తేలిక. భూమిలో ఊరే దుంపల్ని పక్కన పెడితే సగం పని అయిపోతుంది. వంద గ్రాముల బంగాళాదుంపలో కార్బ్స్ 17 గ్రాములు, చిలగడదుంపలో 20, చేమదుంపలో 26 దాకా ఉంటాయి. బీచ్ రోడ్డులో నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్క రుద్ది ఇచ్చే మొక్కజొన్న పొత్తు కూడా ఈ లెక్కలోదే, తీపి మొక్కజొన్నయితే వందకి 19. అదే కాలీఫ్లవర్‌లో 5, అందులో 2 గ్రాములు పీచు. పుట్టగొడుగుల్లో 3, ఆకుపచ్చ కాప్సికంలో 5 లోపు, వంకాయలో 6, బెండకాయలో 7, ఈ చివరి రెండింటిలో దాదాపు సగం పీచే. క్యారెట్, బీట్‌రూట్, ఉల్లిపాయ 10 దగ్గర ఉంటాయి, రంగు కోసం నాలుగు ముక్కలు వేస్తే కొంప మునగదు, వాటితోనే ట్రే నింపకుండా ఉంటే చాలు.

లెక్క ఇంకోలా చెప్పాలంటే, అరకిలో కాలీఫ్లవర్‌ని నలుగురు పంచుకుంటే పీచు పోను తలా 4 గ్రాముల లోపే కార్బ్స్. రోజుకి 130 గ్రాముల కంటే తక్కువ తినడాన్ని మామూలుగా లో కార్బ్ అంటారు, మరీ కఠినంగా చేసేవాళ్లు 20 నుంచి 50 మధ్య ఉంటారు. ఎలా చూసినా ఈ ప్లేటు ఇబ్బంది పెట్టదు.

మొదటి సగం మాత్రం టెన్షన్ పడాల్సిందే. అత్తయ్యగారు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే, మందు డోసు అన్నం తినే మనిషి లెక్కలో రాసి ఉంటుంది. మందు అలాగే వేసుకుని అన్నం మానేసి గోబీ ముక్కలు తిని పడుకుంటే రాత్రి షుగర్ డౌన్ అవ్వొచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే 15 గ్రాముల చక్కెర గానీ గ్లూకోజ్ గానీ నీళ్లలో కలిపి ఇవ్వాలి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మాత్రలు వాడేవాళ్లు కార్బ్స్ ఒక్కసారిగా బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే అవకాశం కూడా ఉంది. కాబట్టి ముందు డాక్టరుగారికి ఒక మాట చెప్పి డోసు సరిచేయించుకోండి. ఈలోగా సాయంత్రం బజ్జీలకి బదులుగా ఇది పెట్టండి, అన్నం సంగతి తర్వాత చూద్దురుగాని. కిడ్నీ సమస్య కూడా ఉంటే పొటాషియం గురించి విడిగా అడగాలి, కూరగాయలన్నీ వాళ్లకి పడకపోవచ్చు.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయర్ కొన్నాను. గోబీ మంచూరియా అందులో చేసుకుంటే లో కార్బ్ అయిపోయినట్టే కదా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ)

కాదు. నూనె తగ్గింది, అంతే. ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌లో సుమారు 7 గ్రాముల కార్బ్స్, మైదాలో 6. ఒక గోబీకి నాలుగేసి చెంచాలు కలిపితే 50 దాటింది. పైన మూడు పెద్ద చెంచాల టొమాటో సాస్, అందులోని కార్బ్స్‌లో ఎక్కువ భాగం చక్కెరే, అదో 13 గ్రాములు. మొత్తం 65 దగ్గరికొచ్చింది, మరి గోబీది ఎంత? పీచు పోను 15. అంటే మీరు తింటున్నది పిండి, గోబీ దాని లోపల ఒక సాకు.

శుద్ధంగా పిండి లేకుండా చేస్తే పకోడీలా కరకరలాడదు, ముందే చెప్పేస్తున్నాను, ఎవరైనా కరకరలాడుతుందని చెబితే నమ్మకండి. అంచులు ఎర్రగా కాలి లోపల మెత్తగా ఉంటుంది, అదొక రుచి. పైన కాస్త గరుకు కావాలంటే వేయించిన పల్లీలు, నువ్వులు కచ్చాపచ్చాగా దంచి, ముక్కలకి గుడ్డు తెల్లసొన గానీ గట్టి పెరుగు గానీ పలచగా పట్టించి అందులో దొర్లించండి. బాదం పిండి కొనమని కొందరు చెబుతారు, డబ్బు దండగ, పల్లీ అంతకంటే మన నాలుకకి దగ్గర. మరీ కఠినమైన నియమం లేనివాళ్లు అరకిలోకి రెండు పెద్ద చెంచాల శనగపిండి చల్లుకోవచ్చు, తలా రెండున్నర గ్రాములకి మించదు.

ఎయిర్ ఫ్రయర్ అంటే ఫ్యాన్ ఉన్న చిన్న ఓవెన్, అంతకంటే మాయ ఏమీ లేదు. 190 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి బుట్ట కుదపండి. బుట్ట సగానికి మించి నింపకండి. పల్లీ పొడి పట్టించినవైతే 175 చాలు, లేకపోతే పొడి ముందు మాడుతుంది.

ప్రశ్న: నాకు ఉన్నది ఒక గ్యాస్ పొయ్యి, ఒక పెనం. ఓవెన్ లేకుండా అవుతుందా? (అద్దె గది, గాజువాక)

భేషుగ్గా అవుతుంది, పెనం ఇనుపదైతే ఓవెన్ కంటే తొందరగా అవుతుంది. పెనం బాగా కాలాక ఒక చెంచా పల్లీ నూనె, చదునుగా కోసిన ముక్కలు ఒకే వరసలో, మంట మధ్యస్థం కంటే కొంచెం ఎక్కువ. అక్కడి నుంచి నాలుగైదు నిమిషాలు అట్లకాడ ముట్టుకోవద్దు, ఇదే కష్టమైన భాగం, చెయ్యి ఊరుకోదు. ఎర్రబడిన ముక్క దానంతటదే పెనాన్ని వదులుతుంది, అంటుకుందంటే ఇంకా కాలలేదని అర్థం. తిరగేసి, మంట తగ్గించి, రెండు నిమిషాలు మూత పెట్టి, తర్వాత మూత తీసేసి తడి ఆరేదాకా ఉంచండి. నాన్‌స్టిక్ పెనమైతే ఖాళీగా ఎక్కువ మంట మీద వదిలెయ్యకండి, పై పూత పాడవుతుంది.

బేచిలర్లకి పుట్టగొడుగులు ఇంకా తేలిక. ప్యాకెట్ విప్పి తడిబట్టతో తుడిచి, సగానికి కోసి, ఉప్పు లేకుండా పెనం మీద వెయ్యండి. ముందు నీళ్లు వదులుతాయి, ఆ నీళ్లన్నీ ఇగిరాక ఎర్రబడటం మొదలవుతుంది. అప్పుడు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి. ఉప్పు ముందే వేస్తే నీళ్లు ఒక్కసారిగా ఊరి, ఎర్రబడటం లేటవుతుంది.

ప్రశ్న: వీటికి జుకినీ, బ్రకోలీ, ఆలివ్ ఆయిల్ తప్పనిసరా? మా దగ్గర రైతుబజార్‌లో దొరికేవాటితో కుదరదా? (అక్కయ్యపాలెం)

కుదరకపోవడమేంటి? లేత దొండకాయల్ని నిలువుగా నాలుగు చీరికలు చేసి, నూనె, ఉప్పు పట్టించి 210 డిగ్రీల్లో అరగంట కాల్చి, పైన వెల్లుల్లి కారం చల్లితే ఆ పళ్లెం ముందు జుకినీ ఎవరికీ గుర్తుండదు. లోపల ఎర్రబడిన దొండకాయ మాత్రం వద్దు, పుల్లగా మెత్తబడిపోతుంది. బెండకాయల్ని కడిగి, పూర్తిగా తుడిచి, ఆ తర్వాతే కొయ్యాలి, కోసిన బెండకాయకి నీరు తగిలితే జిగురు వదలదు. నిలువుగా రెండు చీరికలు, 200 డిగ్రీలు, 15 నుంచి 18 నిమిషాలు, ఉప్పు చివర్లో. కాకరకాయ ఇష్టపడేవాళ్లు పలచటి చక్రాలుగా తరిగి ఉప్పు రాసి అరగంట ఉంచి, గట్టిగా పిండి కాల్చుకోవచ్చు. గోరుచిక్కుళ్లు కాస్త పీచుగా ఉంటాయి, నాకు నచ్చవు, మీ ఇష్టం.

ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ మాత్రం ఈ పనికి తీసుకోకండి. కార్బ్స్ తక్కువే, కానీ ఒళ్లంతా నీరే, ఎంత కాల్చినా ముడుచుకుపోయి ట్రేకి అంటుకుంటాయి.

కాలీఫ్లవర్ చలికాలంలోనే కొనండి, అప్పుడు పువ్వు దగ్గరగా, గట్టిగా ఉంటుంది. వేసవిలో వచ్చేది విచ్చుకుపోయి ఉంటుంది, ధరా ఎక్కువే, ఆ నెలల్లో దొండకాయకి మారిపోవడం తెలివైన పని. నూనె పల్లీదైనా నువ్వులదైనా సరే. బ్రకోలీ తినాలనిపిస్తే తినండి, దాని మీద నాకేం పగ లేదు, కాకపోతే పువ్వు చివర్లు తొందరగా మాడతాయి, 200 దాటించకండి.

ప్రశ్న: ఓవెన్ నుంచి తీసినప్పుడు బాగానే ఉంటున్నాయి, పది నిమిషాల్లో మెత్తబడిపోతున్నాయి. ఆదివారం పదిహేను మంది చుట్టాలొస్తున్నారు, ఎలా? (భీమిలి)

సముద్రం పక్కన ఉంటున్నారు కదా, గాలి చెమ్మంతా ముక్క పీల్చుకుంటుంది. దానికి తోడు మీరు వాటిని హాట్‌ప్యాక్‌లో పెడుతున్నారని నా అనుమానం. హాట్‌ప్యాక్ ఇడ్లీకి, చపాతీకి మంచిది, దీనికి శత్రువు. మూత కింద ఆవిరి చేరి పావుగంటలో అంతా మొదటికొస్తుంది. గిన్నెలో కుప్పగా కూడా పొయ్యకండి, జాలీ లాంటి దాని మీద పరచండి, కింద నుంచి గాలి ఆడాలి.

పదిహేను మందికి స్టార్టర్‌గా రెండు కిలోల కోసిన ముక్కలు సరిపోతాయి, కాలాక సగానికి సగం తగ్గినట్టు కనిపిస్తాయి, కంగారు పడకండి. మధ్యాహ్నమే ముక్కలన్నిటినీ విడతలు విడతలుగా మూడొంతుల్లో రెండొంతుల మేరకే కాల్చి, విడివిడిగా పరిచి చల్లారనివ్వండి. చుట్టాలు వచ్చి చెప్పులు విప్పుతుండగా ఓవెన్ 220కి పెట్టండి, మంచినీళ్లు, పలకరింపులు అయ్యేసరికి వేడెక్కుతుంది. ఒక్కో ట్రే 6 నుంచి 8 నిమిషాలు, కారం, కరివేపాకు ఆ విడతలోనే. వంటింట్లోంచి ట్రే తర్వాత ట్రే వస్తుండాలి, అన్నీ అయ్యాక ఒకేసారి వడ్డిద్దామనుకుంటే మొదటి ట్రే చెమ్మగిల్లుతుంది. పిల్లల కోసం కొన్ని కారం లేకుండా పక్కకి తీసిపెట్టండి.

ప్రశ్న: వీటితో నంజుకోవడానికి సాస్, మయోనైజ్ కాకుండా ఏమైనా చెప్పండి. (పెద వాల్తేరు)

పెరుగు పలచటి బట్టలో కట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు వేలాడదీయండి, నీరంతా కారి వెన్నలా గట్టిపడుతుంది. బయట వేలాడదీస్తే పులిసిపోతుంది. అందులో పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి కలిపి, చివర పావు చెంచా ఆవపిండి వెయ్యండి, ఆవ పెట్టిన ఘాటు కాలిన గోబీకి భలే కుదురుతుంది. ఆవ ఎక్కువైతే చేదు తిరుగుతుంది, జాగ్రత్త.

ఇంకోటి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే, కాల్చిన వంకాయ పచ్చడి. పెద్ద వంకాయకి నూనె రాసి, నాలుగు గాట్లు పెట్టి, మంట మీద తిప్పుతూ తొక్క నల్లబడేదాకా కాల్చి, తొక్క తీసి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి చేత్తో మెదపడమే. చింతపండు బదులు నిమ్మరసం పిండితే ఆ కాస్త కార్బ్స్ కూడా తగ్గుతాయి. కీరా చక్రాల మీద చెంచాడు చొప్పున పెట్టి ఇస్తే అదే ఇంకో స్టార్టర్. పల్లీ చట్నీ కూడా బాగుంటుంది, కానీ పల్లీలు ఎంత మంచివైనా గిన్నెడు తినేస్తే కేలరీలు చేరిపోతాయి.

ప్రశ్న: మిగిలితే మర్నాడు పనికొస్తాయా? (కంచరపాలెం)

చల్లారాక మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటాయి. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మెత్తబడతాయి, పొడి పెనం మీద వేడి చేసుకోండి. లేదా సన్నగా తరిగి కోడిగుడ్డు పొరటులో వేసెయ్యండి, ఉల్లిపాయలు సగం తగ్గించుకోవచ్చు, ఉప్పు మాత్రం రుచి చూశాకే వెయ్యండి, ముక్కల్లో ముందే ఉంది.